పర్లాకిమిడి స్పైరల్ నోట్సు: నాలుగింటిలో ఏది కొనాలి, ఏది వద్దు

పరీక్షలు దగ్గరపడితే ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి జెరాక్స్ షాపుల్లో స్పైరల్ నోట్సులు తోరణాల్లా వేలాడుతుంటాయి. వాటిలో తెలుగు పిల్లల కోసం వేసిన సెట్టు ఒకటుంది. భాష, సాహిత్యం, చరిత్ర, కామర్స్ అని నాలుగు భాగాలు. ప్లస్ టూలో ఎంఐఎల్‌గా, అంటే ఆధునిక భారతీయ భాషగా తెలుగు తీసుకున్నవాళ్లు, ప్లస్ త్రీ (డిగ్రీ) మొదటి ఏడాదివాళ్లు కొంటారు. గుణుపూర్, కాశీనగర్ నుంచి కూడా వస్తుంటారు. సెట్టంతా కలిపి 400 రూపాయలు, విడిగా అయితే ఒక్కోటి 120. షాపు పేరు చెప్పి లాభం లేదు. అట్ట మార్చి, పేజీలు అటూ ఇటూ చేసి ఇదే సరుకు పక్క షాపుల్లోనూ అమ్ముతున్నారు.

ఇది ఒడిశా సిలబస్ ముందు పెట్టుకుని రాసిన నోట్సు కాదు. సరిహద్దు దాటితే పాతపట్నం, ఇంకాస్త వెళ్తే టెక్కలి. అక్కడ దొరికే ఆంధ్రా ఇంటర్, డిగ్రీ గైడ్లను విప్పి, కావలసినవి ఏరి, మధ్యమధ్య డీటీపీ పేజీలు చేర్చి కుట్టిన సెట్టు. సంధి సూత్రం పర్లాకిమిడిలోనూ పాతపట్నంలోనూ ఒకటే కాబట్టి భాష భాగం నిలబడింది. చరిత్ర పేపరు అలా కాదు కదా, అక్కడే బోల్తా పడింది.

భాష భాగం నాలుగింటిలోకీ మేలు. సంధుల వరుస బాగుంది: సూత్రం, విడదీత, కలిపిన రూపం, పక్కనే అభ్యాసానికి ఖాళీ గీతలు. పిల్లలు ఎప్పుడూ తడబడే గసడదవాదేశం, సరళాదేశం ఎదురెదురు పేజీల్లో పెట్టడం తెలిసినవాళ్లు చేసిన పనే. కానీ అసలు కిటుకు రాయలేదు. క, ట, త లకు రెండు సంధుల్లోనూ గ, డ, ద లే వస్తాయి. కాబట్టి కలిపిన రూపంలో ఆ అక్షరం చూసి సంధి పేరు రాస్తే సగంసార్లు తప్పే. తేడా తెలిసేది చ, ప ల దగ్గరే. సరళాదేశంలో జ, బ వస్తాయి, గసడదవాదేశంలో స, వ వస్తాయి. మిగతా మూడింటికీ ముందు పదం చివర చూడాలి. అక్కడ ద్రుతం, అంటే నకారం ఉంటే సరళాదేశం, ప్రథమా విభక్తి పదమైతే గసడదవాదేశం. ఈ నాలుగు ముక్కలు ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకుంటే చాలు, మూడు మార్కులు ఎక్కడికీ పోవు.

ఛందస్సులో తప్పు ఒకటుంది, అది చిన్నది కాదు. వృత్తాల పట్టికలో శార్దూలానికి యతి 14 అనీ, మత్తేభానికి 13 అనీ తారుమారుగా పడింది. శార్దూలం పాదానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం. మత్తేభానికి 20 అక్షరాలు, యతి 14. ఉత్పలమాలకు 20, యతి 10. చంపకమాలకు 21, యతి 11. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే వచ్చేదే చంపకమాల, శార్దూలాన్ని అలాగే విడగొడితే వచ్చేది మత్తేభం. ముందు ఒక అక్షరం పెరిగింది కనక యతిస్థానం కూడా ఒకటి జరుగుతుంది. ఇది తెలిసిన పిల్లవాడు పట్టికలో తప్పును తనే పట్టుకుంటాడు. గణాల వరుస మాత్రం నాలుగింటికీ సరిగ్గానే ఇచ్చారు.

ఇక జెరాక్స్ సంగతి. తెలుగుకు ఇది ఇంగ్లిష్ నోట్సు కంటే పెద్ద చిక్కు. షాపువాళ్లు ఖర్చు తగ్గించడానికి ఎ4 పేజీని 71 శాతానికి కుదించి, రెండేసి పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కన వేస్తున్నారు. 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లకు పడిపోతుంది. ఇంగ్లిష్ అయితే కళ్లు చికిలించి చదివేయొచ్చు. తెలుగులో కింద ఉండే ఒత్తు, ద కింద చిన్న గీత గీస్తే ధ అయ్యే ఆ గీత, అరసున్న, ఇవన్నీ ముందు మాయమవుతాయి. అందులోనూ కాపీకి కాపీ తీసిన ప్రింటులో 'సత్యము'లో త కింద య ఒత్తు చెరిగి 'సతము' అయిందనుకోండి. త్య ముందున్న 'స' గురువు కావాల్సింది కాస్తా లఘువైపోతుంది, భగణం నగణమవుతుంది. ఆ పాదానికి గణవిభజన ఎన్నిసార్లు చేసినా కుదరదు. పిల్లలు లెక్క తప్పింది తమకే అనుకుంటారు. సరళాదేశం పేజీలో ఇంకో రకం. 'పూచెను + కలువలు' నాలుగు రూపాలు ఇచ్చారు: పూచెఁ గలువలు, పూచెం గలువలు, పూచెన్గలువలు, పూచెను గలువలు. అరసున్న ఎగిరిపోవడంతో మొదటిది 'పూచె గలువలు'గా కనిపిస్తుంది. కొనేముందు ఈ ఒక్క పేజీ తెరిచి చూస్తే చాలు, ఆ కాపీ ఎన్నో తరందో తెలిసిపోతుంది.

స్పైరల్ చిల్లులు కూడా చూసుకోవాలి. ఎడమవైపు మార్జిన్ సెంటీమీటరు కూడా వదలకుండా పంచ్ కొట్టడంతో కొన్ని పేజీల్లో వరస మొదటి అక్షరాలు చిల్లుల్లో పోయాయి. కాగితం పల్చన, రెండువైపులా ప్రింటు. పెన్నుతో గీత గీస్తే వెనక పేజీకి దిగుతుంది.

సాహిత్యం భాగం సగం పనికొస్తుంది. కవిత్రయం మీద జవాబులు శుభ్రంగా ఉన్నాయి గానీ పర్వాల లెక్క తప్పింది, నన్నయకు మూడు పర్వాలని వేశారు. నన్నయ రాసింది ఆది, సభా పర్వాలు, అరణ్యపర్వంలో కొంత. ఆ అరణ్యపర్వ శేషం ఎర్రనది. విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను తిక్కనవి. కూడితే పద్దెనిమిది. నోట్సు లెక్కన ఎర్రనకు ఏమీ మిగలదు. గురజాడ దగ్గర 1892ను కన్యాశుల్కం అచ్చయిన ఏడాదిగా చూపించారు. అది మొదటిసారి ఆడిన ఏడాది. అచ్చయింది 1897లో, బాగా మార్చి తిరగరాసిన రెండో కూర్పు 1909లో. ఏక వాక్య ప్రశ్నల్లో తరచూ అడిగేది ఇదే.

గిడుగు రామమూర్తి మీద మూడంటే మూడే వాక్యాలున్నాయి. పర్లాకిమిడిలో అమ్మే పుస్తకమండీ ఇది! ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1919లో 'తెలుగు' పత్రిక నడిపారు. 1940 జనవరి 22న పోయారు. వ్యావహారిక భాషోద్యమం మీద పెద్ద ప్రశ్న వస్తే ఈ పాటి వివరం లేకుండా రెండు పేజీలు నిండవు. గైడు ఎక్కడో అచ్చయింది, వాళ్లకు ఆయన ఒక బిట్టు. ఇక్కడ కుట్టినవాళ్లయినా ఒక పేజీ చేర్చి ఉండాల్సింది.

చరిత్ర భాగం కొనొద్దు. ఆంధ్రోద్యమం మీద పన్నెండు పేజీలున్నాయి, 1913 బాపట్ల సభ నుంచి 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణం వరకు. రాసిన తీరులో లోపం లేదు, కానీ ఒడిశా పేపరుకు ఆ పన్నెండు పేజీలు ఏం చేసుకోవాలి? ప్రత్యేక ఒడిశా కోసం నడిచిన ఉత్కళ సమ్మిళని, దాన్ని పెట్టిన మధుసూదన్ దాస్, 1903 అన్న మూడు మాటలు మాత్రం ఒక్క పేరాలో చుట్టేశారు. 1817 పైకా తిరుగుబాటు, దాన్ని నడిపిన బక్షీ జగబంధు ఊసే లేదు. 1866 కరువు కూడా అంతే.

ఒడిశాను ఏలిన గజపతుల పాఠం కూడా తలకిందులుగా ఉంది. 1513లో ఉదయగిరి ముట్టడి, 1515లో కొండవీడు పతనం అన్నీ కృష్ణదేవరాయల వైపు నుంచే చెప్పారు. ప్రతాపరుద్రుడు ఓడిపోయే రాజుగా వచ్చి వెళ్లిపోతాడు. ఇక్కడి ప్రశ్న 1434లో కపిలేంద్రదేవుడి దగ్గర మొదలై, పురుషోత్తమదేవుడి మీదుగా ప్రతాపరుద్రుడి దాకా నడుస్తుంది. జవాబు ఆ వరుసలోనే రాయాలి.

పర్లాకిమిడి చరిత్రకు ఇచ్చిన అర పేజీలో రెండు తేదీలు కలిపేశారు. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంతవరకు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేది. ఎస్టేటును చీల్చి పట్టణాన్ని, కొంత భాగాన్ని ఒడిశాలో కలిపారు, మిగిలింది మద్రాసులోనే ఉండిపోయింది. కృష్ణచంద్ర గజపతి మొదటి మంత్రివర్గం ఏర్పడింది మాత్రం సరిగ్గా ఏడాది తర్వాత, 1937 ఏప్రిల్ 1న. తేదీ, నెల ఒకటే కావడంతో నోట్సులో రెంటినీ 1936 కిందే వేశారు. ఆయన్ని ముఖ్యమంత్రి అని రాశారు, అప్పట్లో ఆ పదవిని ప్రధానమంత్రి అనేవారు. గజపతి జిల్లా గంజాం నుంచి విడివడిన తేదీ 1992 అక్టోబరు 2, అది సరిగానే ఉంది.

కామర్స్ భాగం మీద నాకు రెండు మనసులు. తెలుగులో చదువుకుని ప్లస్ టూకి వచ్చినవాళ్లకు చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) లాంటి మాటల పక్కన ఇంగ్లిష్ మాట కూడా వేసిచ్చిన పట్టిక ఒక్కటే 120 రూపాయలు చేస్తుంది. చిట్టాపద్దుల లెక్కలు ముప్పై దాకా ఉన్నాయి, అడుగడుగునా ఏ ఖాతా ఎందుకు డెబిట్ అయిందో రాశారు. తరుగుదల లెక్కల్లో మాత్రం జాగ్రత్త. అక్టోబరు 1న 80,000కు యంత్రం కొని, మార్చి 31న ఖాతాలు ముగించే లెక్కలో ఏడాది పొడవునా 10 శాతం వేసి 8,000 చూపారు. వాడింది ఆరు నెలలే కాబట్టి 4,000 రావాలి. తగ్గుతున్న నిల్వ పద్ధతిలో రెండో ఏడాది 76,000 మీద 7,600 వేయాలి. నోట్సులో 7,200 ఉంది. మొదటి అడుగు తప్పితే మూడేళ్ల ఖాతా మొత్తం తప్పుతుంది.

చట్టాల పేజీలు బాగా పాతవి. భాగస్తుల గరిష్ఠ సంఖ్య 20, బ్యాంకింగ్‌కు 10 అని వేశారు. అది 1956 కంపెనీల చట్టం నాటి మాట. 2013 చట్టం కింద 2014లో చేసిన నియమాలతో ఇప్పుడు 50. వినియోగదారుల రక్షణ కింద 1986 చట్టమే ఉంది, 2019 చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది.

జీఎస్టీలో పద్ధతి బాగానే చెప్పారు, ఈ ఊరికి పనికొచ్చే ఉదాహరణ ఒక్కటీ ఇవ్వలేదు. 5 శాతం పన్నున్న సరుకు 10,000 రూపాయలకు పలాస నుంచి పర్లాకిమిడి దుకాణానికి వస్తే, రాష్ట్రం దాటింది కనక ఐజీఎస్టీ 500. అదే సరుకు బరంపురం నుంచి తెస్తే కేంద్రం వాటా సీజీఎస్టీ 250, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 250. దుకాణదారు కట్టే మొత్తం ఒకటే, బిల్లులో వరసలు వేరు. సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఇంత దగ్గరి ఉదాహరణ ఇంకోటి దొరకదు.

పీడీఎఫ్ కూడా వాట్సాప్‌లో పంపుతున్నారు, 50 రూపాయలు. డీటీపీ పేజీలు 'అను' అనే, యూనికోడ్ కాని ఫాంటులో కొట్టినవి కావడంతో ఫోనులో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. చదువుకోవడానికైతే ఇబ్బంది లేదు. పైగా ఇది మొదటి కాపీ, ఒత్తులన్నీ ఉన్నాయి. భాష భాగం స్పైరల్ కొనే బదులు పీడీఎఫ్ తీసుకుని, కుదించకుండా ఎ4లో ఒకవైపే ప్రింటు వేయించుకోండి. బైండింగ్ వైపు మార్జిన్ రెండు సెంటీమీటర్లు ఉంచమని ముందే చెప్పాలి, చెప్పకపోతే ఉంచరు.

కామర్స్ కొనేవాళ్లు కౌంటర్ దగ్గరే జీఎస్టీ రేట్ల పేజీ తెరవండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రధానంగా 5, 18 శాతం శ్లాబులే మిగిలాయి, విలాస వస్తువుల్లాంటి వాటికి 40 ఉంది. 12, 28 ఇంకా ఉంటే పాత ప్రింటు. ఆ పేజీలు తీసేసి కుట్టివ్వమని అడిగితే 15 రూపాయలు తగ్గిస్తున్నారు, కాస్త గొణుగుతారు గానీ.