కూవం ఇవతల కన్నెమరా, అవతల అమరావతి

కుటుంబంతో చెన్నై వెళ్తున్నాం, ఎక్కడ దిగమంటావని ఎవరైనా అడిగితే ఇకనుంచి మౌంట్ రోడ్డు చుట్టుపక్కలే చెబుతాను. టి. నగర్‌లో దిగితే బట్టల షాపులతోనే పొద్దు గడిచిపోతుంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) రిసార్టులో దిగితే సముద్రం చూస్తాం గానీ ఊరు చూడం. మేం ఈసారి బిన్నీ రోడ్డులో ఉన్న తాజ్ కన్నెమరాలో దిగాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు. గుంటూరు నుంచి బయల్దేరేముందు విల్లివాక్కంలో ఉండే మా పిన్నికి ఫోన్ చేసి చెబితే, "అంత డబ్బు పోసి కూవం పక్కన పడుకోవడమేంటే? మా ఇల్లు లేదా?" అని కోప్పడింది.

పిన్ని పుట్టి పెరిగింది చెన్నైలోనే. ఊరి మధ్య పారే కూవం నది ఆమెకు ముక్కు మూసుకుని దాటాల్సిన కాలువ. బుకింగ్ సైట్లేమో ఈ ప్రాంతంలో ఉన్న హోటళ్ళన్నిటికీ 'నది సమీపంలో' అని రాసిపెడతాయి. వాటిలో ఒకదాంట్లో ఆ మాట చదివి మా అబ్బాయి పడవలుంటాయని ఆశపడ్డాడు. కాబట్టి ముందే చెబుతున్నాను. నది నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది, కానీ కిటికీ తెరిచి చూసే నది కాదు. నది కోసమైతే ఇక్కడ రూమ్ తీసుకోవద్దు.

మరి దేనికి తీసుకోవాలంటే, కట్టడం కోసం, ఉన్న చోటు కోసం. ఈ స్థలంలో 1854లో ఇంపీరియల్ అనే హోటల్ ఉండేది. అది తర్వాత ఆల్బనీ అయింది, 1890లో అప్పటి మద్రాసు గవర్నరు లార్డ్ కన్నెమరా పేరు పెట్టుకుంది. చాలా ఏళ్ళు స్పెన్సర్ కంపెనీ చేతిలో ఉంది. ఇప్పుడు కనిపించే తెల్లటి ఆర్ట్ డెకో ముఖం 1930లలో వచ్చింది. 1970లలో శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా లోపల చాలా భాగాన్ని కొత్తగా తీర్చాడు. లోపల స్విమ్మింగ్ పూల్, దాని చుట్టూ చెట్లు. మౌంట్ రోడ్డు హారన్లు అక్కడిదాకా రావు. అత్తయ్యగారికి గుడులూ షాపులూ కాదు, అక్కడ నీడలో కాళ్ళు చాపుకుని కూర్చోవడమే బాగా నచ్చింది. పిల్లలు నీళ్ళలోంచి బయటికి రావడానికి ఒప్పుకోలేదు.

ఖర్చు మాత్రం గట్టిగానే అవుతుంది. రాత్రికి 7,500 రూపాయలు దాటిన ఏ రూముకైనా జీఎస్టీ 18 శాతం పడుతుంది కాబట్టి సైట్లో మొదట కనిపించే ధర చూసి లెక్క వేసుకోకండి. ఐదుగురికి రెండు రూములు తప్పవు. సెలవుల్లో రేట్లు ఇంకా పెరుగుతాయి. నా ఉద్దేశంలో ఇలాంటి హోటల్లో ఒక రాత్రి, మహా అయితే రెండు చాలు. మిగతా రోజులకు ఎగ్మోర్ స్టేషన్ దగ్గర మామూలు లాడ్జీలు బోలెడున్నాయి, లేదా మా పిన్ని ఇల్లులాంటి చుట్టాల ఇల్లుంటే సరే. హోటల్లోనే ఉన్న రెయిన్‌ట్రీ రెస్టారెంటులో చెట్టినాడు భోజనం ఒక పూట తినండి, కారం మన గుంటూరు నాలుకకే సరిగ్గా సరిపోయింది. మిగతా పూటలు బయట తినడమే మేలు. ట్రిప్లికేన్ రత్నా కేఫ్‌లో ఇడ్లీ మునిగిపోయేదాకా సాంబారు పోస్తారు. అది 1948 నుంచీ ఉన్న హోటల్. మా అమ్మాయి ఇంట్లో సాంబారు ముట్టదు, అక్కడ రెండోసారి పోయించుకుంది.

సెంట్రల్‌లో దిగాక ఆటోవాళ్ళతో బేరాలు పెట్టుకోకండి. మమ్మల్ని ఒకతను అడిగిన డబ్బుతో అందరం చాలాసార్లు మెట్రో ఎక్కొచ్చు. సెంట్రల్ నుంచి బ్లూ లైన్‌లో గవర్నమెంట్ ఎస్టేట్ తర్వాత స్టేషన్ ఎల్ఐసీ, అక్కడ దిగితే స్పెన్సర్ ప్లాజా, ఆ వెనకే బిన్నీ రోడ్డు. లిఫ్టులు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్ళకూ ఇబ్బంది లేదు. స్పెన్సర్ పాత ఎర్రభవనం 1980లలో అగ్నిప్రమాదంలో పోయింది. ఇప్పుడున్న మాల్ చూడకపోయినా పర్లేదు. మౌంట్ రోడ్డులోనే 1844లో మొదలైన హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల షాపు ఉంది, దానికి మాత్రం ఒక గంట కేటాయించండి.

ఇక అసలు విషయం. హోటల్ నుంచి ఎతిరాజ్ సాలై మీదుగా కూవం వంతెన దాటితే ఎగ్మోర్. అక్కడ పాంథియన్ రోడ్డులో 1851లో పెట్టిన ప్రభుత్వ మ్యూజియం, అదే ఆవరణలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం. నదికి ఇటు హోటల్, అటు గ్రంథాలయం, రెండింటికీ ఒకే గవర్నరు పేరు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని ప్లాన్ చేసుకోండి.

అందరూ చోళుల కంచు నటరాజును చూడమంటారు. చూడండి. కానీ గుంటూరు జిల్లా వాళ్ళం, ముందు అమరావతి గ్యాలరీకే వెళ్ళాం. 1797లో బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ కంటపడిన బౌద్ధ స్తూపం, 1845లో మరో అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపించిన రాళ్ళు. అక్కడి రాళ్ళలో కొన్ని లండన్ చేరాయి, కొన్ని ఇక్కడున్నాయి. పల్నాటి సున్నపురాయి. బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు కథ ఉన్న గుండ్రటి ఫలకం దగ్గర మేం ఆగిపోయాం. ఒకే చక్రంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకవైపు మదమెక్కి మనుషుల్ని తొక్కుతూ, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకాళ్ళు వంచి. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తుంటారు. ఒకామె ముఖంలో భయం చూసి మా అబ్బాయి, "అమ్మా, ఈమెకు ఇంకా తెలీదు, ఏనుగు కూర్చుండిపోయిందని" అన్నాడు. రెండు వేల ఏళ్ళ క్రితపు శిల్పి చెప్పిన కథ ఎనిమిదేళ్ళ పిల్లాడికి అలా అందింది. మన ఊళ్ళో పుట్టిన రాళ్ళు ఇంత దూరంలో ఉన్నాయన్న బాధ నాకుంది, దాచను. కానీ పిల్లలకు వీటిని చూపించకుండా చెన్నై నుంచి తిరిగి రావడం అంతకంటే బాధ.

వెనక్కి వచ్చేటప్పుడు వంతెన మీద ఆటో ఆపించాను. నల్లటి నీళ్ళు, వాసన. పాత మద్రాసు దాత పచ్చయప్ప మొదలియారు కూవంలో స్నానం చేసి కోమలీశ్వరుడి గుడికి వెళ్ళేవాడని చెబుతారు. ఆయన పోయింది 1794లో. అంటే ఈ నీళ్ళలో మనుషులు మునిగి దేవుణ్ణి మొక్కిన కాలం మరీ పురాణాల నాటిది కాదు. ఊరి మురుగంతా కలిపేసి ఇలా చేసుకున్నాం. పిన్నిలాంటి వాళ్ళు ముక్కు మూసుకోవడాన్ని తప్పుపట్టను. కానీ పిల్లలు దీన్ని కూడా చూడాలి, మ్యూజియం చూసినంత శ్రద్ధగానే చూడాలి. హోటళ్ళు కూడా మ్యూజియం వాక్ లాగా నది వాక్ ఒకటి పెడితే బాగుంటుంది.

సాయంత్రం ట్రిప్లికేన్ పార్థసారథి గుడి. మూలవిరాట్టుకు మీసాలుంటాయి, అత్తయ్యగారు దండం పెట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డారు. పండుగ రోజుల్లో మాత్రం పెద్దవాళ్ళతో వెళ్ళొద్దు, క్యూ తట్టుకోలేరు.

చివరి రోజు సామాను హోటల్లోనే ఉంచి మైలాపూర్ వెళ్ళాం. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు దీక్ష చేసిన ఇల్లు ఉంది, ఇప్పుడది స్మారక భవనం. 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి ప్రాణం వదిలే దాకా ఆయన అక్కడే ఉన్నారు. కపాలీశ్వరుడి గుడికి వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది ఈ ఇంటిని పట్టించుకోరు. దగ్గరే కాబట్టి దారిలో ఆగండి. పిన్ని కూడా అక్కడికే వచ్చి మమ్మల్ని కలిసింది. డెబ్బై ఏళ్ళుగా చెన్నైలో ఉంటూ ఆమె కూడా అదే మొదటిసారి చూడటం. అక్కణ్ణుంచి మమ్మల్ని భోజనానికి విల్లివాక్కం తీసుకెళ్ళింది, రైలు రాత్రికి.