పసుపు కార్డు కోసం ఒక పూట

మా అమ్మాయి పురిటికి మేమిద్దరం నైరోబీ వెళ్లాలి. అమీర్‌పేటలో మాకు టికెట్లు తీసిన ఏజెంటు ఆవకాయ సీసాల తూకం గురించి అరగంట మాట్లాడాడు గానీ, అక్కడి దోమల వల్ల సోకే ఎల్లో ఫీవర్ జ్వరానికి టీకా సంగతి అడిగితే మాత్రం "అక్కరలేదమ్మా, కెన్యావాళ్లు మనల్ని అడగరు" అని తేల్చేశాడు. అది సగం నిజం. అడిగేది మనవాళ్లే, తిరిగి శంషాబాద్‌లో దిగినప్పుడు. టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. మార్కులు వేస్తే ఏజెంటుకు సున్నా. నగరంలో మేం వెళ్లిన ప్రభుత్వ టీకా కేంద్రానికి అయిదుకు నాలుగు.

ఆ తగ్గిన ఒక్కటీ ఎదురుచూపులకు. ఎనిమిదిన్నరకు వెళ్తే సూది పడేసరికి పదకొండూ నలభై. కుర్చీలు చాలవు, మంచినీళ్లు కనిపించవు. వారంలో కొన్ని రోజులే ఎందుకు వేస్తారని మొదట విసుక్కున్నాను. సీసాలో ఉండేది పొడి మందట. ద్రవం కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలితే పారబోయాలి. ప్రపంచం మొత్తంలో దీన్ని తయారుచేసే సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే తగినంత మంది చేరితే గానీ సీసా తెరవరు. అది విన్నాక నా విసుగు సగానికి తగ్గింది.

లోపల డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. మా వారికి అరవై మూడేళ్లు. అరవై దాటాక మొదటిసారి వేసుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం కాస్త ఎక్కువని చెప్పి, మందుల చీటీలన్నీ తిరగేసి, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి జబ్బు ఏమైనా ఉందా అని కూడా అడిగింది. తర్వాత "కోడిగుడ్డు పడుతుందా?" అంది.

"మేం ముట్టమండీ" అన్నారాయన.

"ముట్టకపోవడం వేరు, పడకపోవడం వేరు. ఈ టీకా గుడ్లలోనే పెంచుతారు."

ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, చొక్కా చేయి మడిచారు.

మా వెనకున్న కుర్రాడిని చూస్తే జాలేసింది. నాలుగు రోజుల్లో ఘనా రాజధాని అక్రాకు విమానం. ఘనావాళ్లు వచ్చే ప్రతి ఒక్కరినీ కార్డు అడుగుతారు, అదేమో టీకా వేసిన పది రోజులకు గానీ చెల్లదు. టికెట్ మార్చుకోక తప్పలేదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం జన్మంతా చెల్లుతుంది. పదేళ్ల గడువు 2016 జూలైలోనే పోయింది. మా ఏజెంటుకు అదీ తెలియదు.

నాకు బాగా నచ్చింది కార్డు రాసే పద్ధతి. గుమాస్తా మా వారి ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టాడు. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది కదా అని చూపించాను. దిద్దేస్తాడేమో అనుకున్నాను. డాక్టరమ్మ ఆ కార్డు పక్కన పడేసి కొత్తది తీయించింది. కొట్టివేత ఉంటే కార్డు చెల్లకుండా పోవచ్చట. సంతకం కూడా చేత్తోనే పెట్టాలి, ముద్ర ఒక్కటే చాలదు. 196 దేశాలు ఒప్పుకున్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ఏ విమానాశ్రయంలోనైనా చెల్లే కాగితం కదా, ఆ మాత్రం పట్టింపు ఉండాలి.

మన దేశంలో ఈ జబ్బు లేదు. కానీ దాన్ని మోసే దోమ ఉంది, డెంగీని మోసేదీ అదే. ఒక్క రోగి దిగితే మిగతా పని మన కూలర్లలోని నీళ్లు చూసుకుంటాయి. రొనాల్డ్ రాస్ 1897లో దోమ పొట్టలో మలేరియా గుట్టు పట్టుకున్న ఊరు మనది. అయినా మా వీధిలో కూలరు నీళ్లు మార్చేవాళ్లను నేను చూడలేదు, మా ఇంటితో సహా.

సూది తర్వాత అరగంట కూర్చోబెట్టి పంపారు. ఆ రాత్రి నాకు కాస్త ఒళ్లునొప్పులు, ఆయనకు అదీ లేదు. వెళ్లేవాళ్లు అసలు పాస్‌పోర్టు, మందుల చీటీలు, నీళ్ల సీసా తీసుకెళ్లండి. కార్డు చేతికి రాగానే అక్కడే నిలబడి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదువుకోండి.