పచ్చ చుక్కతో నాలుగేళ్లు

మా ఆఫీసులో బల్లల మీది ఫోన్లన్నీ తీసి అట్టపెట్టెల్లో సర్దిన రోజు నాకు బాగా గుర్తు. 40 మంది పనిచేసే సంస్థ మాది. అప్పటిదాకా కాల్స్‌కి పీబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లని కలిపే ఎక్స్ఛేంజి), మీటింగులకి ఒక వీడియో యాప్, పద్ధతిగా రాయాల్సినవాటికి ఈమెయిల్, తొందర మాటలకి ఎవరి సొంత ఫోన్లో వాళ్ల మెసేజింగ్ యాప్. వీటన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే యూనిఫైడ్ కమ్యూనికేషన్స్ సాధనాన్ని ఎంచింది నేనే కాబట్టి, దాన్ని మిగతావాళ్ల చేత వాడించే పనీ నా నెత్తినే పడింది. నాలుగేళ్లయింది. దాని పేరు రాయడం లేదు. నాకు తగిలిన మంచీ చెడూ చాలావరకు ఈ కోవకు చెందిన మిగతావాటిలోనూ ఉంటాయి.

అమ్మేటప్పుడు ఊరించి చూపించినవాటిలో సగం మేం ముట్టుకోనేలేదు. వైట్‌బోర్డు, పోల్స్, వెనక సముద్రం కనిపించే బొమ్మలు మొదటి నెల సరదా, అంతే. డెమోలో ఐదు నిమిషాల్లో చెప్పేసి దాటేసిన ఫోన్ భాగమే మాకు పెట్టిన డబ్బుకి తగ్గ పని చేసింది.

ఇదివరకు బల్ల దగ్గర మనిషి లేకపోతే ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. ఇప్పుడు అదే నంబరు ల్యాప్‌టాప్‌లోనూ మొబైల్‌లోనూ ఒకేసారి మోగుతుంది. ల్యాప్‌టాప్‌లో మొదలైన కాల్‌ని మొబైల్‌కి మార్చుకుని మాట్లాడుతూనే మెట్లు దిగిపోవచ్చు. సర్వీసు విభాగంలో ఐదుగురిని ఒక రింగ్ గ్రూపులో పెట్టాం. మొదట అందరికీ ఒక్కసారే మోగేలా పెట్టడం నా తప్పు. ఇంకొకరు తీస్తారులే అని ఐదుగురూ ఊరుకునేవాళ్లు. వరసగా ఒకరి తర్వాత ఒకరికి మోగేలా మార్చాక తప్పిపోయే కాల్స్ వారం తిరిగేలోపే బాగా తగ్గాయి. కాల్ ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చేసే ముందు "బిల్లు విషయం, మూడోసారి చేస్తున్నారు, కోపంగా ఉన్నారు" అని చాట్‌లో ఒక ముక్క కొట్టి పంపడం మా వాళ్లే అలవాటు చేసుకున్నారు. దాంతో కస్టమర్ తన కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సిన బాధ తప్పింది. అన్నీ ఒకచోట ఉండటం వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

మొదటి మూడు నెలలు మాత్రం నరకం. "వినిపిస్తోందా? ఇప్పుడు? ఇప్పుడో?" మాట తెగిపోవడం, గొంతు రోబోలా మారడం. నేనూ కోపంగా సపోర్టుకి ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాను. చివరికి చూస్తే లోపాలన్నీ మా దగ్గరే ఉన్నాయి. ఇంటర్నెట్ వేగం చాలదేమో అనుకున్నాం కానీ, మాట ఒక్కదానికైతే కాల్‌కి సెకనుకి సుమారు 100 కిలోబిట్లు చాలు. కావలసింది వేగం కాదు, ప్యాకెట్లు (మాటని ముక్కలు చేసి నెట్‌లో పంపే చిన్న చిన్న పొట్లాలు) వేళకి చేరడం. ఇటు అన్న మాట అటు వినపడటానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోమని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వాళ్ల జీ.114 సిఫారసు చెబుతుంది. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది.

మా వైఫైలో అందరూ ఇరుకైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదే ఉన్నారు. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, రోజంతా కాల్స్ మాట్లాడేవాళ్లకి కేబుల్ వేయించాం. ఇంటినుంచి పనిచేసేవాళ్ల మాటేమో వీపీఎన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారిలో) దూరి చుట్టూ తిరిగి వచ్చేది. పైగా మా వీపీఎన్ టీసీపీ అనే డేటా పంపే పద్ధతి మీద నడిచేది. టీసీపీ పోయిన ప్యాకెట్‌ని పట్టుబట్టి మళ్లీ పంపిస్తుంది. ఫైలుకైతే అది మంచిదే, మాటకి కాదు. ఆలస్యంగా వచ్చిన అక్షరం దేనికి పనికొస్తుంది? కాల్స్‌ని వీపీఎన్ బయటినుంచి వెళ్లనిచ్చాక ఆ గొడవ తీరింది. మూడోది బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. పాటలకి అద్భుతంగా ఉండేవి కాల్‌లో మైకు ఆన్ కాగానే నూతిలోంచి మాట్లాడినట్టు వినిపించేవి. మైకు వాడాల్సి వచ్చినప్పుడు మామూలు బ్లూటూత్ తక్కువ నాణ్యత ఉన్న వేరే పద్ధతికి మారిపోతుంది. అందరికీ యూఎస్‌బీ వైరు హెడ్‌సెట్లు ఇచ్చాం. లైసెన్సుల బేరంలో నేను పడ్డ శ్రమలో పావు వంతు మొదటే హెడ్‌సెట్ల మీద పెట్టి ఉంటే ఆ మూడు నెలలు మిగిలేవి.

ఇక పేరు పక్కన వెలిగే పచ్చ చుక్క. ఎదుటివాళ్లు ఖాళీగా ఉన్నారో లేదో చూసి కాల్ చేసుకోమని ఇచ్చిన సదుపాయం అది. మా దగ్గర హాజరుపట్టీ అయి కూర్చుంది. కీబోర్డు, మౌసు కాసేపు కదలకపోతే చుక్క పసుపు రంగులోకి మారుతుంది. ఒప్పంద పత్రాలు కాగితం మీద చదివే మా సహోద్యోగి ఒకరు రోజులో సగం పసుపులోనే ఉండేవారు, పనిలో మాత్రం అందరికంటే ముందు. "చాలాసేపు కనపడలేదే?" అని ఒక మేనేజరు ఇద్దరు ముగ్గురిని అడిగారో లేదో, మౌసుని దానంతటదే కదిలించే చిన్న పరికరాలు ఆఫీసులో ప్రత్యక్షమయ్యాయి! నవ్వొచ్చింది కానీ సిగ్గు కూడా వేసింది. చుక్క రంగు గురించి ఎవరినీ అడగకూడదని రాతపూర్వకంగా చెప్పించడానికి నాకు ఏడాది పట్టింది. మొదటి వారంలోనే చెప్పాల్సిన మాట.

నోటిఫికేషన్ల టెన్షన్ గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 40 మందికి 130 గ్రూపులు తేలాయి. 90 రోజులు మెసేజ్ లేని గ్రూపులు మూసేశాం, అందరికీ ఒకేసారి ట్యాగ్ చేసే హక్కు ముగ్గురికే ఉంచాం. ఉదయం రెండు గంటలు 'డిస్టర్బ్ చేయొద్దు' పెట్టుకునే హక్కు అందరికీ ఇచ్చాం.

పాత మెసేజ్‌ల వెతుకులాట బాగుంది. కానీ పాత చాట్‌లు ఏడాదికి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టిన సంగతి నేనే మరిచాను. ఒక అనుమతి తాలూకు మెసేజ్ సరిగ్గా అవసరమైన రోజున మాయమైంది. అప్పటినుంచి నిర్ణయమనేది చాట్‌లో జరిగినా డాక్యుమెంట్‌లోకి ఎక్కాల్సిందే. అసలు సాధనమే ఎన్నాళ్లుంటుందో అన్నది కూడా చూసుకోవాలి. వ్యాపారాలు వాడిన స్కైప్ ఫర్ బిజినెస్ ఆన్‌లైన్ 2021 జులై 31న ఆగిపోయింది, స్కైప్ 2025 మే నెలలో మూతపడింది. కొనేముందు "మా చాట్‌లన్నీ బయటికి తీసుకోవాలంటే ఎలా?" అని నేను అడగలేదు. తర్వాత ఒకసారి తీసి చూస్తే మనిషి చదవగలిగే రూపంలో లేవు.

ఒకే గొడుగుతో ఉన్న ఇంకో చిక్కు, అది చిరిగితే అందరం తడవడమే. ఒక మధ్యాహ్నం సర్వీసు రెండు గంటలు పడిపోయింది. కాల్స్ లేవు, చాట్ లేదు, మీటింగులు లేవు. సర్వీసు పడిపోయిందని మా వాళ్లకి చెప్పడానికి కూడా నా దగ్గర దారి లేదు, ఎవరి మొబైల్ నంబర్లైనా ఆ యాప్‌లోనే ఉన్నాయి మరి. ఇప్పుడు ఒక కాగితం మీద అందరి నంబర్లు అచ్చువేసి ప్రతి విభాగం గోడకీ అంటించాం. రౌటర్లకి యూపీఎస్ పెట్టాం.

పోయిన నెలే మళ్లీ ఏడాదికి పొడిగించాం. 40 చాట్ లైసెన్సులు అలాగే ఉంచి, ఫోన్ లైసెన్సులు మాత్రం 22కి తగ్గించాను. మిగతా 18 మంది నాలుగేళ్లలో ఒక్క బయటి కాల్ కూడా చేయలేదని వాడకం రిపోర్టు తీశాక గానీ తెలియలేదు.