మంత్రసాధన దేనికి? కోరిక, శక్తి, లోపలి మార్పు: మూడింటిలో ఏది మేలు?

ఒకే మంత్రాన్ని ముగ్గురు జపిస్తున్నారనుకోండి. ఒకరికి ఉద్యోగం రావాలి. ఇంకొకరికి ఎదుటివాళ్ల మనసులో ఏముందో పసిగట్టే శక్తి కావాలి. మూడో మనిషికి తన కోపం, భయం తగ్గితే చాలు. మాల ఒకటే, అక్షరాలు ఒకటే, కూర్చున్న తీరూ ఒకటే. చూసేవాళ్లకు ఏ తేడా కనబడదు. అందుకే ఇది మంత్రవిద్య, అది ఆధ్యాత్మికం అని పద్ధతిని బట్టి గీత గీయడం కుదరదు. దేనికోసం చేస్తున్నారన్నదే చూడాలి.

ఆ గీత గియ్యడానికి పెద్దవాళ్లు ప్రయత్నించకపోలేదు. మాంత్రికుడు శక్తుల్ని తన మాట వినేలా చేయాలని చూస్తాడు, భక్తుడు వేడుకుంటాడు అని మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ 1890లో మొదలుపెట్టిన తన గ్రంథంలో వాదించాడు. వినడానికి బాగుంది. కానీ 'నువ్వు ఈ పని చేసిపెడితే నేను అది సమర్పించుకుంటాను' అనే మొక్కును ఏ గదిలో పెడతాం? అది వేడుకోలూ కాదు, ఆజ్ఞా కాదు, అచ్చమైన బేరం. లోకంలో ఎక్కువమంది చేసేది ఆ బేరమే.

ముందు కోరిక సంగతి. దీన్ని చులకన చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆ జట్టు కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మలినోస్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఒక సంగతి గమనించాడు. అక్కడివాళ్లు తీరాన్ని ఆనుకున్న నిలకడ నీళ్లలో చేపలు పట్టేటప్పుడు మంత్రాల ఊసే ఎత్తరు. నడిసముద్రంలోకి పోవాల్సి వస్తే మాత్రం పెద్ద తంతు నడుస్తుంది. నేర్పు ఎక్కడిదాకా పనిచేస్తుందో వాళ్లకు బాగా తెలుసు. నేర్పు చాలని చోట చెయ్యి వణక్కుండా ఉండడానికి మంత్రం. పరీక్షకు ముందు దణ్ణం పెట్టుకునే పిల్లవాడూ చేసేది అదే. చదవడం మానేసి దణ్ణం మీదే భారం వేస్తే తప్ప అందులో నష్టమేమీ లేదు.

మరి ఫలితం నిజంగా మారుతుందా? అమెరికాలో 6 ఆసుపత్రుల్లో, గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద హెర్బర్ట్ బెన్సన్ అనే వైద్యుడి బృందం చేసిన పరిశీలన 2006లో వెలువడింది. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవాళ్లలో 52 శాతం మందికి, జరగనివాళ్లలో 51 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. అంటే తేడా లేనట్టే. 'మీకోసం ప్రార్థిస్తున్నారు' అని ముందే చెప్పిన మూడో గుంపులో అది 59 శాతం. ఇక్కడ ప్రార్థించింది రోగులకు ముక్కూమొహం తెలియనివాళ్లు. ఇంట్లోవాళ్ల ప్రార్థనను ఎవరూ ఆపలేదు, ఆపలేరు కూడా. కాబట్టి దీన్ని పట్టుకుని ప్రార్థనే దండగ అనడం తొందరపాటు. దూరాన ఎవరికో మేలు జరిగిందని లెక్క చూపించడం మాత్రం కష్టమని తేలింది. చేసేవాడి గుండె కుదుటపడుతుందా అంటే, పడుతుంది. ఆ మేరకే ఆశ పెట్టుకుంటే మోసపోం.

గీతలో కృష్ణుడు తనను సేవించేవాళ్లు నాలుగు రకాలంటూ ఆపదలో ఉన్నవాణ్ణీ, సంపద కోరేవాణ్ణీ కూడా అందులో చేర్చాడు. జ్ఞానికి పెద్దపీట వేసినా, ఆ నలుగురూ ఉదారులేనన్నాడు. కోరికతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి వెళ్లగొట్టలేదు.

అయితే కోరికల్లోనూ తేడా ఉంది. తంత్రగ్రంథాలు చెప్పే షట్కర్మలు, అంటే ఆరు పనులు చూడండి: శాంతి, వశీకరణం (లోబరచుకోవడం), స్తంభనం (కదలకుండా ఆపేయడం), విద్వేషణం (పగ పెట్టడం), ఉచ్చాటనం (తరిమేయడం), మారణం (చంపడం). శాంతిని పక్కన పెడితే మిగతా ఐదూ ఇంకో మనిషి మనసు మీదో, ఒంటి మీదో, బతుకు మీదో చెయ్యి వేసేవే. ప్రేమ కోసమే కదా అని వశీకరణానికి మినహాయింపు ఇవ్వాలనేవాళ్లు ఉన్నారు. నేను ఇవ్వను. ఒకరు వద్దన్నా వాళ్ల మనసు మనవైపు తిరగాలని కోరుకోవడంలో ప్రేమ ఎక్కడుంది? అది పనిచేస్తుందా లేదా అన్నది తర్వాతి మాట, కోరడమే తప్పు.

ఇక శక్తి. ఈ మూడింటిలో దీనికి నేను చివరి స్థానమే ఇస్తాను, మామూలు కోరిక కన్నా కిందే. ఉద్యోగం కోసం జపించినవాడికి ఉద్యోగం వచ్చిందో రాలేదో తెలుస్తుంది, లెక్క అక్కడితో ముగుస్తుంది. శక్తి కోసం చేసేవాడి లెక్క ఎప్పటికీ తేలదు. అనుకున్నది జరిగితే సిద్ధి వచ్చింది, జరగకపోతే సాధన చాలలేదు. ఎటు తిరిగినా ఓడిపోని ఆట అది. దానికి తోడు చూసేవాళ్లు కావాలి.

పతంజలి సిద్ధులు లేవని అనలేదు. యోగసూత్రాల మూడో పాదంలో వరసపెట్టి చెప్పాడు. చెబుతూ చెబుతూనే, బయటి చూపున్నవాడికి ఇవి సిద్ధులు, సమాధికి మాత్రం అడ్డంకులు అన్నాడు. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో పిండోల భారద్వాజుడనే భిక్షువు కథ ఇంకా ఘాటుగా ఉంటుంది. రాజగృహ నగరంలో ఒక శ్రేష్ఠి, అంటే ధనిక వర్తకుడు, గంధపుచెక్క భిక్షాపాత్రను ఎత్తున కట్టించి, మహిమ ఉన్నవాళ్లు అందుకోండన్నాడు. పిండోలుడు గాల్లోకి లేచి తీసుకున్నాడు. జనం వెంటపడ్డారు. బుద్ధుడు మెచ్చుకోకపోగా మందలించి, పాత్రను ముక్కలు చేయించి, గృహస్థుల ముందు మహిమలు చూపకూడదని నియమం పెట్టాడు. ఒక చెక్కగిన్నె కోసమా ఇదంతా అన్నదే ఆయన కోపం.

మూడోది లోపలి మార్పు. మంత్రవిద్యకు ఇది పరాయిది కాదు. సంకల్పానికి తగ్గట్టు మార్పు తీసుకురావడమే మంత్రవిద్య అని 20వ శతాబ్దంలో ఇంగ్లండు మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీ అంటే, ఆ మార్పు రావాల్సింది చైతన్యంలో అని అదే విద్య సాధకురాలు డయాన్ ఫార్చ్యూన్ సవరించింది. వాళ్లకు సుమారు 1,600 ఏళ్ల ముందే ఇయాంబ్లికస్ అనే తత్త్వవేత్త, ఆవాహన దేవతల్ని కిందికి లాగదు, మనల్ని వాళ్లకు తగినట్టు చేస్తుంది అని వాదించాడు. తంతు అదే, తిరిగే దిక్కు వేరు.

టిబెట్ సంప్రదాయం చెప్పే మిలారెపా అనే బౌద్ధ యోగి జీవితంలో ఈ మలుపు పచ్చిగా కనబడుతుంది. ఆస్తి కాజేసిన పినతండ్రి మీద పగ తీర్చమని తల్లి పంపితే క్షుద్రవిద్య నేర్చాడు, ఇల్లు కూల్చి ప్రాణాలు తీశాడు. విద్య ఫలించింది కాబట్టే భయం పట్టుకుంది. పాపం కడిగే ఇంకో మంత్రం ఇవ్వకుండా గురువు మార్పా అతనిచేత రాళ్లు మోయించి బురుజులు కట్టించాడు, కట్టినవి కూల్పించాడు.

ఈ దారికీ తెగుళ్లు లేకపోలేదు. అప్పు తీర్చనివాడు 'అంతా మాయ' అంటాడు. ఇంట్లో పని తప్పించుకునేవాడికి ధ్యానం మంచి సాకు. తీవ్రమైన ధ్యానంలో కొందరికి ఆందోళన పెరుగుతుంది, నిద్ర పట్టదు, పాత గాయాలు పైకి లేస్తాయి. అప్పుడు ఇంకా గట్టిగా కూర్చోమనే గురువు మాట కాకుండా వైద్యుడి మాట వినాలి. అయినా దీన్నే పైన పెడతాను, ఎందుకంటే దీన్ని పరీక్షించడం మన చేతిలో లేదు, పక్కవాళ్ల చేతిలో ఉంది. కోపం తగ్గిందో లేదో మనతో ఉండేవాళ్లు చెబుతారు, వాళ్లకు మన అనుభూతులతో పనిలేదు.

ఆపదలో ఉన్నవాళ్లకు ఈ వరస చెప్పను. బిడ్డకు జ్వరం కాస్తుంటే ముక్తి గురించి ఎవరూ ఆలోచించరు, మందు వేస్తూ మొక్కుకుంటారు, అది సబబే. తీరికగా సాధన మొదలుపెట్టేవాళ్లు మాత్రం మొదటిరోజే తమకేం కావాలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఏడాది తర్వాత తీసి చదవాలి. నేర్పే మనిషి ఆ కాగితం అడిగి, దాన్ని బట్టి రుసుము చెబితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలి.