మేడ మీద 5జీ డబ్బా, మూడో కాలంలో సరళీ స్వరాలు

చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. ఇరవై రెండేళ్లుగా సంగీతం చెబుతున్నాను. కరోనాకి ముందు హాల్లో చాప పరిస్తే పిల్లలు పట్టేవాళ్లు కాదు. ఇప్పుడు చాప మీద ముగ్గురు, తెర మీద పదకొండు మంది. ఆ పదకొండులో ఆరుగురు న్యూజెర్సీ పిల్లలు. వాళ్లకి రాత్రి 8 అయితే నాకు తెల్లవారుజామున 5:30. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక 6:30. కాఫీ పడకపోయినా క్లాసు మొదలెట్టగలను గానీ నెట్టు లేకపోతే మాత్రం నా వల్ల కాదు. అందుకే ఐదు నెలలుగా మా మేడ మీద ఉంటున్న, టవర్ నుంచి గాలిలోనే ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే 5జీ డబ్బా గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. మా వీధిలో బాగా పనిచేసేది మీ వీధిలో పనిచేస్తుందని నమ్మకం లేదు, కాబట్టి పేరు తెలిసి మీకు ఒరిగేదేమీ లేదు.

అసలు నేను ఫైబర్ వదిలేదాన్నే కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ తర్వాత నగరంలో కరెంటు స్తంభాలకి వేలాడే కేబుళ్లన్నీ కత్తిరించడం మొదలైంది. మా గేటు ముందున్న స్తంభానికైతే ఏ తీగ ఎవరిదో దేవుడికే తెలియాలి, పావురాలు వాటి మధ్య గూడు కూడా పెట్టాయి. ప్రాణాలు పోయాక కత్తిరించారని ఎలా తప్పు పట్టను? కానీ ఆ కుప్పలో నా ఫైబర్ కూడా పోయింది. నాలుగు రోజులు ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లాసులు ఎలాగో లాగించాను. ఐదో రోజు కంపెనీ టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు గేటు దగ్గర నిలబడ్డాడు.

"తీగలేని ఇంటర్నెట్ మేడం. దీన్నెవడు కోస్తడు, గాలిని కోస్తరా? 5జీ ఇది, ఒక్క మిల్లీసెకండే లేటు. రేపు 6జీ వచ్చినా ఇదే డబ్బా, అప్‌డేట్ కొడితే అయిపోతది."

మొదటి మాట నిజం. రెండోది సగం నిజం. మూడోది శుద్ధ అబద్ధం, ముందు దాని సంగతి తేల్చేస్తాను.

మా అన్నయ్య కొడుకు గచ్చిబౌలిలో టెలికాం పని చేస్తాడు. ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. "అత్తా, 6జీకి ఇంకా కొలతలే రాస్తున్నారు, అప్పుడే చొక్కా కుట్టించుకుంటానంటావేంటి?" అన్నాడు. ఐక్యరాజ్యసమితి కింద ఉండే టెలికాం సంస్థ ఐటీయూ 2023లో 'ఐఎంటీ-2030' అని పేరు పెట్టి 6జీ ఏమేం చేయగలగాలో లక్ష్యాలు రాసింది. ఏడాది పేరులోనే ఉంది. మన ప్రభుత్వం కూడా అదే 2023 మార్చిలో భారత్ 6జీ విజన్ పత్రం విడుదల చేసింది. 5జీకీ 6జీకీ మధ్యలో 5జీ అడ్వాన్స్‌డ్ అని ఒకటుంది, దాని మొదటి ప్రమాణాలు 2024లో ఖరారయ్యాయి. ఆ మెరుగుదలల్లో కొన్ని టవర్ వైపు నుంచి మనకి రావొచ్చు. కానీ జీ మారిందంటే రేడియో మారినట్టే, చిప్పూ యాంటెన్నా మారాల్సిందే. 3జీ ఫోనుకి అప్‌డేట్ కొట్టి 4జీ చేసుకున్నవాళ్లు మీకెవరైనా తెలుసా? నాకు తెలీదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడికి చెప్పమన్నది చెప్పాడు.

బిగించడానికి వచ్చినబ్బాయి మాత్రం పనివాడు. ఇలాంటి డబ్బా లోపల పెట్టేది కాదు, మేడ మీద ఇనుప గొట్టానికి బిగిస్తారు. దాని నుంచి ఒక తీగ కిందకి దింపి హాల్లో వైఫై రౌటర్‌కి కలుపుతారు. (తీగలేని ఇంటర్నెట్‌కి పదిహేను మీటర్ల తీగ పట్టింది.) ముందు నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి ఫోన్‌లో చూశాడు, సిగ్నల్ మైనస్ 108. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిదట. "అమ్మా, టవర్ అశోక్‌నగర్ దిక్కున్నది, ట్యాంకు అడ్డమొస్తున్నది" అని పిట్టగోడ మూలకి జరిపాడు. మైనస్ 97. డబ్బా మొహం ఓ జానెడు ఎడమకి తిప్పాడు. మైనస్ 86. వీణకి మేళం (మెట్ల వరస) కట్టేవాడు మైనం మీద మెట్టుని సర్దినట్టు సర్దాడు. ఆ పది నిమిషాలు చూశాక నాకు ఈ 5జీ మీద కొంచెం గౌరవం పుట్టింది.

ట్యాంకు అడ్డమైతే అంత తేడా ఎందుకొస్తుందని మేనల్లుడిని అడిగాను. వాడు చెప్పింది నా మాటల్లో ఇదీ. పెళ్లి బ్యాండు వీధి చివర ఉండగానే పెద్ద డోలు దెబ్బ తలుపులేసుకున్న గదిలోకి కూడా వచ్చేస్తుంది. క్లారినెట్ మాత్రం గుమ్మం ముందుకొస్తేగానీ సరిగా వినబడదు. రేడియోలోనూ అంతే. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 43 సెంటీమీటర్లు, అది డోలు. గోడలు దాటుతుంది గానీ మోసుకొచ్చే సరుకు తక్కువ. మన దగ్గర 5జీ వేగమంతా ఎక్కువగా 3300 మెగాహెర్ట్జ్ మీద వస్తోంది, దాని పొడవు 9 సెంటీమీటర్లు. 26 గిగాహెర్ట్జ్ ఉంది చూశారూ, అది సెంటీమీటరు పైచిలుకే. బోలెడంత వేగం, కానీ చెట్టు కొమ్మ అడ్డమొచ్చినా బెంగపడిపోతుంది. మూడింటినీ 2022 వేలంలో అమ్మారు, ఆ అక్టోబరులోనే హైదరాబాద్‌లో 5జీ మొదలైంది.

ఇక ఆ ఒక్క మిల్లీసెకండు. నా వృత్తికి ముఖ్యమైంది ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఆది తాళం సెకనుకో క్రియ (చేత్తో వేసే ఒక లెక్క) చొప్పున వేస్తున్నానుకోండి. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, క్రియకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అంటే మూడో కాలంలో ఒక్కో స్వరానికి దక్కేది పావు సెకను, 250 మిల్లీసెకండ్లు. నా మాట న్యూజెర్సీ వెళ్లి పిల్ల గొంతు తిరిగి రావడానికి పట్టే కాలం పింగ్‌లో కొలిస్తే దాదాపు 240. యాప్ చేసే ఆలస్యం దీనికి అదనం. నేను 'స' అనగానే పిల్ల 'స' కలిపినా, అది నాకు చేరేసరికి నేను 'రి' మీదకి వెళ్లిపోయి ఉంటాను. ఇద్దరం తప్పు చేయలేదు, పాట మాత్రం తప్పు.

5జీ పెట్టించాక ఇది పోతుందని నిజంగానే ఆశపడ్డాను. పోలేదు, పోదు కూడా. ఆ ఒక్క మిల్లీసెకండు లెక్క డబ్బాకీ టవర్‌కీ మధ్య గాలి దారికి, అదీ ప్రత్యేకమైన పనుల కోసం పెట్టుకున్న లక్ష్యం. ఆ తర్వాత మాట గాజు తీగలోనే పోవాలి. గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి న్యూజెర్సీ సుమారు 13 వేల కిలోమీటర్లు. గీత గీసినట్టు తీగ వేసినా పోను 65, రాను 65, మొత్తం 130 మిల్లీసెకండ్లు. సముద్రం అడుగున కేబుళ్లు గీత గీసినట్టు ఉండవు కదా. 6జీ వచ్చినా 7జీ వచ్చినా సముద్రం చిన్నదైపోదు.

నిజానికి ఆలస్యంతో బతకొచ్చు. నేను తాళం వేయడం మానేసి పిల్లని వేయమంటాను, నేను పాడి ఆపుతాను, తను పాడుతుంది. ఇబ్బంది పెట్టేది నిలకడ లేకపోవడం. ఫైబర్ మీద పింగ్ కొలిస్తే 238, 240, 239. ఈ డబ్బా మీద 241, 263, 246, హఠాత్తుగా 310. అలా ఎగిరినప్పుడల్లా గమకం (స్వరాన్ని ఊపి పాడటం) మధ్యలో ముక్క రాలిపోతుంది. కాంభోజిలో 'మ' ఎటు ఊగిందో తెలియకుండా పిల్ల ఏం నేర్చుకుంటుంది? ఒక సంగతి చెప్పాలి. తెల్లవారుజామున ఈ బాధ చాలా తక్కువ. ఊరు నిద్రలో ఉంటుంది, టవర్ దాదాపు నాదే.

రాత్రి 8 గంటల క్లాసు వేరే కథ. అది కొంపల్లి నుంచి ఒకరు, మియాపూర్ నుంచి ఇద్దరు, అందరూ ఉద్యోగస్తులు. దూరం లేదు, పింగ్ 30లోపే, హాయిగా ఉండాలి. కానీ ఆ వేళకి వీధిలో ప్రతి ఫోనూ అదే గాలి పంచుకుంటుంది. పొద్దున 90 ఎంబీపీఎస్ చూపించేది రాత్రికి 30కి దిగుతుంది. దానికీ నాకు ఫర్వాలేదు, నేను సినిమాలు చూసేదాన్ని కాదు. నన్ను దెబ్బతీసేది అప్‌లోడ్, రాత్రిళ్లు 3, ఒక్కోసారి 2. ఈ 3300 మెగాహెర్ట్జ్ తరంగాల బ్యాండులో రావడానికీ పోవడానికీ ఒకటే దారి, వంతులేసి నడుపుతారు. జనం చూసేదే ఎక్కువ కాబట్టి రావడానికే ఎక్కువ వంతు. నాలాగా ఇంట్లోంచి గొంతు బయటికి పంపేవాళ్లు ఆ లెక్కలో లేరు. అమ్మే కుర్రాడు అప్‌లోడ్ మాట ఎత్తలేదు, నాకూ అడగాలని తోచలేదు. మీరు అడగండి.

అన్నట్టు, తంబుర వినబడటం లేదని పిల్లలంటే నెట్టుని తిట్టకండి. మీటింగ్ యాప్ దాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తుంది. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేస్తే చాలు. ఇది తెలియక రెండేళ్లు శ్రుతి లేకుండా చెప్పాను.

వాన సంగతి చాలామంది అడిగారు. వానకి ఈ బ్యాండు పెద్దగా చలించదు. అక్టోబరు వానల్లో క్లాసు పోయింది కరెంటు పోయినందుకే. డబ్బాని ఇన్వర్టర్‌కి కలిపించుకున్నాను, అయిపోయింది.

అసలు దెబ్బ నవంబరులో తగిలింది. అశోక్‌నగర్ వైపు రెండిళ్ల అవతల పాత ఇల్లు కూల్చి అపార్టుమెంటు కడుతున్నారు. మూడో శ్లాబు పడిన వారం నుంచి సిగ్నల్ మైనస్ 105. ఫిర్యాదు చేస్తే మర్నాడే మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఎవరూ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ పరిష్కరించబడింది. ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు కాబట్టి వాళ్లకి తొందరేముంది? పదకొండో రోజున, నా దగ్గరున్న నంబరుకి నేనే ఫోన్ చేస్తే, మొదట బిగించిన అబ్బాయి వచ్చాడు. గొట్టం ఆరడుగులు పెంచి వేరే టవర్ వైపు తిప్పాడు. ఇప్పుడు మైనస్ 91. నాలుగో శ్లాబు పడితే ఏమవుతుందో చూడాలి.

జీఎస్టీతో కలిపి నెలకి 800 పైచిలుకు, ఫైబర్‌కి కట్టిందానికి అటూ ఇటూగా అంతే. మీ ఇంటికి ఫైబర్ తీగ భద్రంగా వస్తుంటే దీని జోలికి రాకండి. అద్దె ఇళ్లు మారేవాళ్లకీ, తీగ తెగి కూర్చున్నవాళ్లకీ, ఇంట్లో చూడటమే తప్ప పంపే పని లేనివాళ్లకీ ఇది చాలు. డబ్బు కట్టేముందు ఎవరిదైనా 5జీ ఫోన్ పట్టుకుని రాత్రి 9కి మీ మేడ ఎక్కి అప్‌లోడ్ కొలవండి.

ఐదుకి మూడు ఇస్తాను, ఇంకో అర ఆ బిగించే అబ్బాయికి. రెండోసారి వచ్చినప్పుడు క్లాసు నడుస్తోందని మెట్ల మీద అరగంట కూర్చున్నాడు, తలుపు కొట్టలేదు. క్లాసు అయ్యాక మంచినీళ్లిస్తే తాగి, "అమ్మా, గంటసేపు స రి గ మ అనే చెప్తరా, పాట ఎప్పుడొస్తది?" అని అడిగాడు.