లేపాక్షి చూశాక నిమ్మలకుంట

అనంతపురం వైపు వచ్చేవాళ్లు లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫొటో దిగి, మళ్లీ బెంగళూరు హైవే ఎక్కేస్తారు. చేతిలో ఇంకో పూట ఉంటే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కూడా చూడండి. తోలుబొమ్మల ఊరది. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ రెండు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. జనం మాటల్లో మాత్రం ఇంకా అనంతపురం జిల్లాయే.

మొదటి రాత్రి హిందూపురంలో ఓ లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు ఎనిమిదింటిదాకా వస్తాయన్నారు గానీ ఆరున్నరకే ఆగిపోయాయి. కింద బండి దగ్గర తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఆ చిరాకంతా పోగొట్టాయి. లేపాక్షికి అక్కణ్నుంచి 15 కిలోమీటర్లు. పొద్దున్నే వెళితే వీరభద్రస్వామి గుడి ప్రశాంతంగా ఉంటుంది, పైకప్పు చిత్రాలు మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. వేలాడే స్తంభం దగ్గరే తోపులాట ఎక్కువ. నన్నడిగితే ఆ టైమంతా లతామండపానికివ్వండి. ఒక్కో స్తంభం మీద ఒక్కో రకం లత, పువ్వు, ముగ్గు. చీరల అంచుల్లోకి వెళ్లిన లేపాక్షి డిజైన్లు ఇవే.

నిమ్మలకుంటకు ధర్మవరంలో ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ ఎంత, ఆగినంతసేపటికి ఎంత అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు ఇదే కాబట్టి వచ్చినవాళ్లంతా ఆయన ఇంటికే దారి అడుగుతారు. మేం ఇంకో వీధిలో, వసారాలో పీట ముందు వంగి కూర్చుని తోలుకు చిల్లులు పెడుతున్న అమ్మాయి దగ్గర ఆగిపోయాం. డిగ్రీ అయిపోయిందట, ఉద్యోగం వెతుక్కుంటూ ఈ పని చేస్తోంది.

"రాండక్కా, కూర్చోండి. చూసేదానికి డబ్బులేం లేదు" అంది మా ఆవిడతో.

మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగించి ఎండబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. ఆ తర్వాత గీత, చిల్లులు, రంగు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురే బొమ్మకు నగలవుతుంది. అందుకే రంగు రెండు వైపులా వేస్తారు. ఇప్పుడు ఆటలు తగ్గాయి. ఇళ్లు గడుస్తున్నది ల్యాంప్ షేడ్ల మీద, గోడకు తగిలించే బొమ్మల మీద.

ఆ అమ్మాయి రాముణ్నీ హనుమంతుణ్నీ వాళ్ల నాయన పద్ధతిలోనే గీస్తుంది. తను సొంతంగా గీసిన మనుషుల ముఖాలు నాకంతగా నచ్చలేదు, కళ్లలో ఇంకా తడబాటుంది. చెట్లు, పక్షులు మాత్రం అద్భుతం. ఒక షేడ్ మీద నెమలి తోకంతా సన్నటి చిల్లులే, రంగు చాలా తక్కువ. "నాయన ఇంకా రంగేయమంటాడు, నేనే వద్దన్నా" అని నవ్వింది. ఆమె చెప్పిన ధర 1,800. బేరమాడలేదు. అంత తోకకు ఎన్నాళ్లు పట్టిందో వింటే ఎవరికీ నోరు రాదు.

నా ఫోన్లో ఉన్న లతామండపం ఫొటోలు చూపించి, ఈ లతలతో రెండు షేడ్లు చేస్తావా అని అడిగాను. ఫొటోలు పంపించుకుంది. సగం డబ్బు అప్పుడే ఇచ్చాం. ఇలాంటి చోట మెచ్చుకోలు కంటే అడ్వాన్సే ఎక్కువ పనికొస్తుంది. తోలు కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే వీళ్లు వ్యాపారి చెప్పిన డిజైనే, అతను చెప్పిన ధరకే చేయాలి. మేమున్నప్పుడే ఓ బృందం కారు దిగి, అరగంటపాటు ఆమె చేత పని చేయిస్తూ వీడియో తీసుకుని, బుక్‌మార్క్ కూడా కొనకుండా వెళ్లిపోయింది. ఆమె ఏమీ అనలేదు. నాకే మండింది.

పట్టణాల్లో షోరూముల్లోనూ ఇవి దొరుకుతాయి. అక్కడ కొంటే ఎదురుచూపు ఉండదు, ప్యాకింగ్ బాగుంటుంది, ఎవరు చేశారో మాత్రం తెలియదు. తొందరలో ఉన్నవాళ్లకు అదే నయం.

రాత్రికి పుట్టపర్తి చేరాం. పిల్లలతో వచ్చేవాళ్లకు హిందూపురం కన్నా ఇదే మేలు. గదులకు కొదవలేదు, తిండి తేలిక, ఊరు త్వరగా సద్దుమణుగుతుంది. కారం దండిగా పడాలనుకునేవాళ్లు మాత్రం ధర్మవరంలోనే సంకటి తినేసి రండి.

ఆర్డరిచ్చిన షేడ్లు పోస్టు పార్శిల్‌లో వచ్చాయి. ఒకదాని అంచు కాస్త వంగింది. ఫొటో పంపితే, దిండు కింద కాదు, చదునైన పలక కింద రెండ్రోజులు పెట్టమని చెప్పింది, సరిపోయింది. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టండి, వేడికి తోలు ముడుచుకుపోతుంది. వానాకాలంలో తడిగోడకు తగలనివ్వకండి. మా వదిన ఇవి చూసి నాలుగు అడిగింది. దసరాకు ముందు చేతి నిండా పని ఉందని, తర్వాతే ఇస్తానని ఆ అమ్మాయి కచ్చితంగా చెప్పేసింది.