‘57,600 వేగం’ అంటూ అమ్ముతున్న పాత మోడెమ్, సీరియల్ కార్డుల జత: కొనే ముందు జాగ్రత్త

పాత హోమ్ కంప్యూటర్లను బాగుచేసుకుని, 1990ల నాటి డయల్-అప్ (మోడెమ్ ద్వారా ఫోన్ లైను మీద కలిసే) పద్ధతిలోనే ఫైళ్లు పంపుకోవాలని ముచ్చటపడే మిత్రుల కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. అమెరికాలో ఉంటున్న నేను, ఇక్కడి ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర నా 386 కంప్యూటర్ కోసం సెకనుకు 14,400 బిట్లు పంపే ఎక్స్‌టర్నల్ మోడెమ్, దాన్ని కంప్యూటర్‌కు కలపడానికి 16550 చిప్ (వచ్చే అక్షరాలను కంప్యూటర్ తీసుకునేదాకా నిలిపి ఉంచేది) ఉందని చెప్పిన సీరియల్ కార్డు కలిపి కొన్నాను. ప్రకటనలో 57,600 వేగం, ఎర్రర్ కరెక్షన్ (లైనులో వచ్చే తప్పులను సరిదిద్దడం), కంప్రెషన్ (డేటాను కుదించి పంపడం) అన్నీ ఉన్నాయనీ, పరీక్షించే పంపుతున్నామనీ రాశారు. తీరా వచ్చిన మోడెమ్‌కు ఎర్రర్ కరెక్షన్ గానీ కంప్రెషన్ గానీ సొంతంగా లేవు. సీరియల్ కార్డు మీద ఉన్న చిప్ 16550 కాదు. లైట్లు వెలుగుతాయి, డయల్ అవుతుంది, అవతలి మోడెమ్‌తో కనెక్ట్ కూడా అవుతుంది కాబట్టి మొదటి చూపులో ఏ అనుమానమూ రాదు. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ముందుగా ఆ 57,600 సంగతి. ఇలాంటి మోడెమ్‌లు పాటించే వి.32 బిస్ ప్రమాణం 1991లో వచ్చింది. దాని ప్రకారం ఫోన్ లైను మీద సెకనుకు వెళ్లేది 14,400 బిట్లు మాత్రమే. వి.42 బిస్ కంప్రెషన్ డేటాను గరిష్ఠంగా నాలుగు రెట్లు కుదించగలదన్న లెక్కతో ఆ సంఖ్యను నాలుగుతో గుణించి, ఆ రోజుల్లోనే పెట్టెల మీద 57,600 అని ముద్రించేవారు. సాదా టెక్స్ట్ ఫైళ్లకు ఆ కుదింపు కొంతవరకు లాభిస్తుంది. కానీ మనం పంపుకునే ఫైళ్లలో అధికభాగం అప్పటికే జిప్ చేసినవి, వాటిని మోడెమ్ మళ్లీ కుదించలేదు. ఒక 1.44 ఎంబీ ఫ్లాపీకి సరిపడా జిప్ ఫైలు ప్రకటన లెక్కన నాలుగున్నర నిమిషాల లోపే రావాలి, వి.42 ఎర్రర్ కరెక్షన్ సక్రమంగా ఉన్న మంచి మోడెమ్‌తో సెకనుకు సుమారు 1,650 అక్షరాల చొప్పున పదిహేను నిమిషాలు పడుతుంది. ఎర్రర్ కరెక్షన్ లేకపోతే ప్రతి అక్షరానికీ దాని మొదలు, చివర తెలిపే స్టార్ట్, స్టాప్ బిట్లు కూడా లైను మీద ప్రయాణించాలి కనుక సెకనుకు 1,440 అక్షరాలు దాటవు. లైనులో చిన్న గరగర వచ్చినా అంతకంటే తగ్గిపోతుంది.

నాకు వచ్చిన మోడెమ్ ‘ఆర్‌పీఐ’ తరహాది. ఈ తరహా మోడెమ్‌లలో ఎర్రర్ కరెక్షన్, కంప్రెషన్ చేసే భాగాన్ని ఖర్చు తగ్గించడానికి తీసేసి, ఆ పనిని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. దానికి తగిన ప్రోగ్రాం లేదా విండోస్ డ్రైవర్ ఉంటేనే ఆ సౌకర్యాలు పనిచేస్తాయి. డాస్ మీద టెలిక్స్ వంటి, మోడెమ్‌ను నడిపే మామూలు టెర్మినల్ ప్రోగ్రాంతో వాడితే అది ఏ రక్షణా లేని ఉత్త 14,400 మోడెమ్‌గా మిగిలిపోతుంది. ఆ ప్రోగ్రాం డిస్కు విక్రేత ఇవ్వలేదు, అది అవసరమన్న మాట కూడా ప్రకటనలో లేదు. కొనేవారికి ఇంత ముఖ్యమైన విషయాన్ని చెప్పకుండా దాచడం నా దృష్టిలో అబద్ధం చెప్పడమే.

సీరియల్ కార్డు విషయం ఇంకా తీవ్రమైనది. 1981 నాటి ఐబీఎం పీసీలో వాడిన 8250 చిప్, ఆ తర్వాత వచ్చిన 16450 చిప్, రెండూ వచ్చిన అక్షరాన్ని ఒక్కొక్కటిగా మాత్రమే నిలిపి ఉంచగలవు. మోడెమ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పోర్టు వేగం 57,600 దగ్గర పెడితే ఒక అక్షరం వచ్చిన తర్వాత సుమారు 174 మైక్రోసెకన్లలోనే ప్రాసెసర్ దాన్ని తీసుకోవాలి. ఆ సమయంలో అది డిస్కు మీద రాస్తూనో, విండోస్ 3.1 పనులు చూస్తూనో ఉంటే, తరువాతి అక్షరం వచ్చి పడి ముందుది పోతుంది. 16550ఏ చిప్‌లో 16 అక్షరాలు నిలవ ఉండే చోటు ఉండడం వల్ల ప్రాసెసర్‌కు రెండున్నర మిల్లీసెకన్లకు పైగా వ్యవధి దొరుకుతుంది. వేగవంతమైన మోడెమ్‌కు ఈ చిప్ తప్పనిసరి అని అప్పటివారు అన్నది ఇందుకే. ‘ఏ’ లేని తొలి 16550లో ఆ నిలవ సరిగా పనిచేయదు కనుక పేరు చివర ‘ఏ’ ఉందో లేదో కూడా చూసుకోవాలి. నాకు వచ్చిన చిప్ మీద 16550ఏఎఫ్‌ఎన్ అనే ముద్ర ఉన్నా, పై ముఖం గీకి మళ్లీ అచ్చు వేసిన ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. డాస్‌తో వచ్చే ఎంఎస్‌డీ ప్రోగ్రాం దాన్ని 8250గా చూపించింది. అసలు చిప్ అయితే 16550ఏఎఫ్ అని చూపాలి.

ఈ తేడా ఎలా బయటపడిందో చెబితే మీకూ ఉపయోగపడుతుంది. ఒక నమ్మకమైన వి.42 మోడెమ్‌ను టెలిఫోన్ లైన్ సిమ్యులేటర్ (ఫోన్ లైనులా పనిచేసే పరికరం) ద్వారా అలాంటిదే మరో మోడెమ్‌కు కలిపి, ఈ కొత్త కార్డు మీద జడ్‌మోడెమ్ అనే ఫైళ్లు పంపే పద్ధతితో పెద్ద ఫైలు దించుకున్నాను. రెండు మోడెమ్‌ల మధ్య ఎర్రర్ కరెక్షన్ నడుస్తున్నా తెర మీద సీఆర్‌సీ తప్పులు (వచ్చిన డేటా పాడైందన్న సూచనలు) వరుసగా వచ్చాయి. లైనులోని తప్పులను మోడెమ్‌లే సరిదిద్దుకుంటున్నప్పుడు ఇలా జరిగితే, అక్షరాలు పోతున్నది మోడెమ్‌కూ కంప్యూటర్‌కూ మధ్యనే అని అర్థం. ఆర్‌టీఎస్, సీటీఎస్ ఫ్లో కంట్రోల్ (కంప్యూటర్, మోడెమ్ ఒకదాన్నొకటి కాసేపు ఆగమని చెప్పుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో ముందుగా చూసుకోండి. అది సరిగా ఉండి కూడా తప్పులు వస్తుంటే చిప్‌ను అనుమానించండి.

అయితే నెమ్మదితనమంతా సామాను తప్పు కాదు. 1977లో వార్డ్ క్రిస్టెన్‌సెన్ రాసిన ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో 128 బైట్లు పంపి, అవతలి జవాబు కోసం ఆగి, ఆ తర్వాతే తరువాతి బ్లాకు పంపుతారు, వి.42 మోడెమ్‌ల మధ్య ఆ ఆగడమే ఎక్కువ సమయం తినేస్తుంది. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో రూపొందించిన జడ్‌మోడెమ్ ఆగకుండా పంపుతుంది, మధ్యలో లైను తెగినా ఆగిన చోటు నుంచి కొనసాగిస్తుంది. కాబట్టి విక్రేతతో వాదించే ముందు జడ్‌మోడెమ్‌తోనే కొలవండి. కమొడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్ ఉన్నవారికి ఒక్క మాట: ఆ యంత్రంలో సీరియల్ చిప్ లేదు, బిట్లను సాఫ్ట్‌వేరే ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది, కనుక దాని యూజర్ పోర్టుకు (బయటి పరికరాలు తగిలించే చోటుకు) ఎంత వేగమైన మోడెమ్ తగిలించినా మామూలు ప్రోగ్రాంలతో 2,400 దాటడం కష్టం.

డబ్బు కట్టే ముందు విక్రేతను మూడు విషయాలు అడగండి. చిప్ ముఖాన్ని దగ్గరగా, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో పంపమనండి. ఎంఎస్‌డీ తెర ఫొటో పంపమనండి. మోడెమ్ పెట్టె మీద గానీ, మాన్యువల్‌లో గానీ ఆర్‌పీఐ అన్న మాట ఉందేమో చెప్పమనండి. నిజాయితీగా అమ్మేవారు ఈ మూడింటికీ విసుక్కోరు. హైదరాబాద్, విజయవాడల్లో ఉండి ఇక్కడి బంధువుల చిరునామాకు తెప్పించుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎవరో ఒకరు ఇండియా వచ్చేటప్పుడు సామానులో తెచ్చేసరికి వాపసు గడువు ముగిసిపోతుంది. పార్సిల్ రాగానే ఆ బంధువుల చేతనే విప్పించి ఫొటోలు తీయించుకోండి.

గడువులోపల ఫొటోలతో ఫిర్యాదు చేయడం వల్ల నాకు సీరియల్ కార్డు సొమ్ము తిరిగి వచ్చింది. మోడెమ్ కనెక్ట్ అవుతోంది కనుక దాని సొమ్ము ఇవ్వబోమని విక్రేత తేల్చి చెప్పారు. నేను ఇది రాస్తున్న సమయానికి అవే ఫొటోలతో, అదే 57,600 అంకెతో మరో జత అమ్మకానికి పెట్టి ఉంది.